గుంజుడు వేరు, అడ్డం తగలడం వేరు: నల్లగొండలో యిన్ యోగా శిక్షకుల తయారీ, ఒక కేస్ స్టడీ

పన్నెండు మంది యోగా శిక్షకులు, పది ఆదివారాలు, ఆదివారానికి 4 గంటలు. నల్లగొండ, మిర్యాలగూడ, చండూరు, దేవరకొండ వైపుల నుంచి వచ్చిన ఈ పన్నెండు మందీ అప్పటికే సొంతంగా క్లాసులు చెబుతున్నవాళ్ళు. కొందరికి యోగా సర్టిఫికేషన్ బోర్డు సర్టిఫికెట్ ఉంది, మిగతావాళ్ళు 200 గంటల టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళు. సూర్యనమస్కారాలు, ఆసనాలు, ప్రాణాయామం చెప్పడంలో ఎవరికీ తడబాటు లేదు. మొదటి నాలుగు వారాలు శిక్షణ ఇచ్చే మాకు అడ్డం పడింది సరిగ్గా ఆ అలవాటే. ఒకే భంగిమలో నిమిషాల తరబడి కదలకుండా ఉండే యిన్ యోగా నేర్పడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే, మానుకోవాల్సింది చాలా ఉంటుంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. 1970ల చివర్లో అమెరికాలో పాలీ జింక్ అనే యుద్ధవిద్యల గురువు చైనా తావో సంప్రదాయపు సాధనలు నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పాల్ గ్రిల్లీ దానికి శరీర నిర్మాణ శాస్త్రాన్ని జోడించాడు. సారా పవర్స్ ‘యిన్’ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది. ‘ఇది మన యోగానేనా?’ అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆసనాల్లో చాలావరకు మనకు తెలిసినవాటికి దగ్గరివే. యిన్ (నిశ్చలం), యాంగ్ (చురుకు), నాడీమార్గాల లెక్క మాత్రం చైనాది. శిక్షకులు తమ క్లాసులో కూడా ఇలాగే ఉన్నదున్నట్టు చెప్పాలి, వేదకాలం దాకా లాక్కుపోవద్దు.

పద్ధతి మూడు మాటల్లో అయిపోతుంది. శరీరం మొదటిసారి ‘ఇక్కడ’ అని చెప్పిన చోట ఆగాలి. అక్కడ కదలకుండా ఉండాలి. సమయం ఇవ్వాలి: కొత్తవాళ్ళకు ఒకటి రెండు నిమిషాలు, అలవాటైనవాళ్ళకు 3 నుంచి 5. కండరాలు వదులుగా ఉండాలి. కండరం కొద్దిసేపటి బలానికి స్పందిస్తుంది. కీలు దగ్గర ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లు, కండరాలను చుట్టి ఉండే పొరలు మాత్రం తక్కువ బరువుకు, ఎక్కువసేపటికి మెల్లగా సాగుతాయి. పచ్చి కట్టెను ఒక్కసారి వంచితే విరుగుతుంది, రాత్రంతా చిన్న బరువు పెట్టి ఉంచితే వంగుతుంది. బరువు ‘చిన్నది’ అన్న మాటను శిక్షకులు మరిచిపోతారు, దెబ్బలు తగిలేదీ అక్కడే.

పశ్చిమోత్తానాసనం దగ్గర మొదలైన ఇబ్బంది

యిన్‌లో కాటర్‌పిల్లర్ అనే భంగిమ చూడ్డానికి పశ్చిమోత్తానాసనమే. కాళ్ళు చాపి ముందుకు వంగడం. కానీ మన శిక్షకుడి నోట అలవాటుగా వచ్చే మాటలేంటి? ‘వెన్ను నిటారుగా, తొడలు బిగించండి, పాదాలు మీ వైపు లాగండి, ఇంకొంచెం, ఇంకొంచెం.’ కాటర్‌పిల్లర్‌లో ఈ నాలుగూ తప్పే. తొడలు వదిలెయ్యాలి, పాదాలు ఎటు పడితే అటు పడనివ్వాలి, వెన్ను గుండ్రంగా వంగనివ్వాలి, తలను దిండు మీద ఆనించాలి. మోకాళ్ళ కింద చుట్టిన చెద్దరు పెడితే తొడ వెనక కండరం వదులై, పని వెన్ను వెంట ఉన్న కణజాలానికి చేరుతుంది.

రెండో వారం క్లాసు చెప్పే వంతు వచ్చినవాళ్ళు దాదాపు అందరూ శిష్యుల వీపు మీద చెయ్యి పెట్టి నొక్కారు. ప్రేమతో చేసే పనే అది, కానీ ఇక్కడ ప్రమాదం. మూడు నిమిషాలు కదలకుండా ఉన్న లిగమెంట్ అప్పటికే సాగి ఉంటుంది, దాన్ని కాపాడే కండరం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో 5 కిలోల ఒత్తిడి కూడా మామూలు క్లాసులో 5 కిలోల లెక్క కాదు. మూడో వారం నుంచి నియమం పెట్టాం: దిండు సర్దడానికి తప్ప శిష్యుల ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు.

నోటి అలవాటుకు ఇంకా ఎక్కువ పని పట్టింది. 4 నిమిషాల భంగిమలో మొదటి 60–90 సెకన్లు చెప్పొచ్చు: ఎలా కూర్చోవాలి, దిండు ఎక్కడ, ఎక్కడ గుంజాలి. ఆ తర్వాత మౌనం. రెండున్నర నిమిషాల దగ్గర ఒక్క వాక్యం, ‘ఎక్కువైతే వెనక్కి రండి’ అని. చివరి 30 సెకన్లు బయటికి ఎలా రావాలో చెప్పడానికి. మధ్యలో ‘శ్వాస తీసుకోండి, వదలండి’ అని లెక్క పెట్టడం ఆపడానికి కొందరికి ఐదు వారాలు పట్టింది. మౌనంగా ఉంటే ఫీజు ఇచ్చినవాళ్ళు ఏమనుకుంటారో అన్న భయం ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరూ తమ క్లాసును ఫోన్‌లో రికార్డు చేసి, మాట్లాడిన సెకన్లు తామే లెక్క పెట్టుకోవాలని చెప్పాం. మేం చెప్పినదాని కంటే ఆ రికార్డింగే బాగా పనిచేసింది.

‘మంచిగనే ఉంది మేడం’

ఈ శిక్షణలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టిన చోటు ఇది, పెట్టాల్సిన చోటు కూడా.

ఐదో వారం అభ్యాస క్లాసులో జరిగింది ఇది. నలభై ఐదు దాటిన ఒక గృహిణి స్లీపింగ్ స్వాన్‌లో ఉంది. ముందు కాలు మడిచి, వెనక కాలు చాపి, ముందుకు వాలడం. శిక్షకురాలు అడిగింది, ‘నొప్పి ఉందా అమ్మా?’ జవాబు: ‘ఏం లేదు మేడం, మంచిగనే ఉంది.’ కానీ వెనక కాలి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, దవడ బిగుసుకుని ఉంది, ఊపిరి పొట్టిగా వస్తోంది. శిక్షకురాలికి ప్రశ్న మార్చమని సైగ చేశాం. ‘ఎక్కడ గుంజుతుందో చెయ్యి పెట్టి చూపియ్యమ్మా.’ ఆ చెయ్యి పిరుదు మీదికి పోవాలి. మోకాలి లోపలి వైపుకు పోయింది. అంటే తుంటి తిరగాల్సినంత తిరగడం లేదు, ఆ తిప్పుడంతా మోకాలి మీద పడుతోంది. మడిచిన పాదాన్ని గజ్జల వైపు దగ్గరికి తీసి, పిరుదు కింద గొంగడి నాలుగు మడతలు పెట్టాం. అప్పటికీ చెయ్యి మోకాలి దగ్గరే ఆగింది. వెల్లకిలా పడుకోబెట్టి, మడమను రెండో మోకాలి పైన వేయించి, అంకె నాలుగు ఆకారంలో పెట్టాం. ఈసారి చెయ్యి పిరుదు మీదికి పోయింది.

మన దగ్గర గురువును ‘నొప్పిగా ఉంది’ అని ఇబ్బంది పెట్టరు. అందుకే ‘నొప్పి ఉందా’ అన్న ప్రశ్నను మానిపించి, చెయ్యి పెట్టి చూపించమనడం నేర్పాం. ఆ తర్వాత ఒంటి భాషకు ఒక పట్టిక తయారుచేశాం.  తెలుగులో ఇలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో శిక్షకులే ఆశ్చర్యపోయారు.

‘గుంజుతుంది’, ‘బరువుగ ఉంది’, ‘వెచ్చగా ఉంది’ అంటే ఉండనివ్వొచ్చు. ‘పట్టేసింది’ అంటే కండరం ముడి పడింది, మెల్లగా బయటికి తీసి కాలు ఆడించమనాలి. ‘కలుక్కుమంది’, ‘జివ్వుమంటుంది’, ‘కరెంటు కొట్టినట్టుంది’ అంటే ఆ క్షణమే బయటికి. జివ్వుమనడం సాధారణంగా నరం చెప్పే మాట. ‘సలుపుతుంది’ అని కీలు దగ్గర చెయ్యి పెడితే భంగిమ మార్చాలి. ‘తిమ్మిరి’ మీదే ఎక్కువ చర్చ జరిగింది: కాలి మీద కాలు పడి నొక్కుకున్న తిమ్మిరైతే చిన్న సర్దుబాటుతో పోతుంది. సర్దినా పోకపోతే, పిరుదు నుంచి పిక్క దాకా గీత గీసినట్టు వస్తే సయాటికా (నడుం నుంచి కాలికి దిగే నరం నొప్పి) ఉన్నట్టే అనుకుని ఆపాలి. ‘మొద్దుబారింది’ అన్న మాటను చాలామంది శిక్షకులు మంచి సూచన అనుకున్నారు, ‘అలవాటైపోయింది’ అన్న అర్థంలో. అది కూడా బయటికి తీసుకురావాల్సిన మాటే.

మిగిలింది ఒక్క మాట, ‘అడ్డం తగిలినట్టుంది’. దాని కోసం రెండు ఆదివారాలు కేటాయించాం.

ఎముక ఆపుతోందా, కణజాలం ఆపుతోందా

ఏ కదలికైనా రెండు కారణాల వల్ల ఆగుతుంది. ఒకటి గుంజుడు, కణజాలం సాగలేక ఆపడం. రెండోది ఒత్తిడి, ఎముకకు ఎముక తగిలి లేదా మధ్యలో కండ నలిగి ఆగిపోవడం. మొదటిది సాధనతో కొంత మారుతుంది, రెండోది మారదు. తుంటి గిన్నె ఎంత లోతుగా ఉంది, ఎటు తిరిగి ఉంది, తొడ ఎముక మెడ ఏ కోణంలో ఉంది అన్నవి మనిషికీ మనిషికీ వేరు. బాసింపట్టు వేస్తే ఒకరి మోకాళ్ళు నేలకు ఆనుతాయి, ఇంకొకరివి ఇరవై ఏళ్ళు చేసినా గాల్లోనే ఉంటాయి. రెండోవారు సోమరి కాదు.

దీన్ని చూపించడానికి శిక్షకుల్నే నిలబెట్టాం. అందరూ పల్లెల్లో గొంతుక్కూర్చుని పెరిగినవాళ్ళే. పాదాలు కలిపి కూర్చోమంటే కొందరు వెనక్కి పడ్డారు. అదే పాదాలు జానెడున్నర ఎడం చేసి, వేళ్ళు బయటికి తిప్పితే హాయిగా దిగారు. పిక్క కండ ఆ కాసేపట్లో సాగలేదు. తుంటి ఎముకకు దారి దొరికింది, అంతే. ఆ తర్వాత ‘ఎక్కడ ఆగింది?’ అని అడిగితే కొందరు గజ్జల్లో ముందు వైపు చెయ్యి పెట్టారు. ముందుకు వంగుతున్నప్పుడు ముందు వైపే ఆగితే అది ఒత్తిడి. వెనక ఆగితే గుంజుడు. ఈ ఒక్క సూత్రం పట్టుబడ్డాక, అందరినీ ఒకే ఆకారంలోకి తేవాలన్న తపన తగ్గింది. ఒత్తిడి దగ్గర ఆగినవారికి కోణం మార్చాలి, సమయం పెంచితే లాభం లేదు.

ఈ జిల్లాలో తప్పనిసరి జాగ్రత్త

అడ్డం తగలడం అన్నది నల్లగొండలో ఇంకో అర్థం కూడా మోస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగిన తరం ఇప్పుడు నడివయసు దాటింది. ఫ్లోరైడ్ తీసేసే నీటి శుద్ధి విధానానికే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పడిన నేల ఇది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. ఏళ్ళ తరబడి అంతకు బాగా మించి తాగితే ఎముక చిక్కబడుతుంది, లిగమెంట్లలో సున్నం చేరి గట్టిపడతాయి, వెన్నెముక కర్రలా బిగుస్తుంది. నీళ్ళు మారినా పెరిగిన ఎముక వెనక్కి పోదు. చిక్కబడిన ఎముక బలమైనదని అనుకోకూడదు, అది పెళుసుగా ఉంటుంది. వెన్నుపాము వెళ్ళే దారి ఇరుకై ఉండొచ్చు. అలాంటి మనిషిని కాటర్‌పిల్లర్‌లో 4 నిమిషాలు వంచి ఉంచడం, మెడ మీద బరువు పడే స్నెయిల్ భంగిమ వేయించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

యిన్ గురించి విన్నవాళ్ళకు ముందు తట్టే ఆలోచన ‘బిగుసుకుపోయినవాళ్ళకే కదా ఇది కావాలి’ అన్నది. ఇక్కడ సరిగ్గా వాళ్ళకే ఇవ్వకూడదు. ఆరో వారం అభ్యాసానికి వచ్చిన దాదాపు అరవై ఏళ్ళ రైతు విషయంలో ఒక శిక్షకుడు ఈ ఆలోచనతోనే దిండ్లు ఒక్కొక్కటి తీసేస్తూ పోయాడు. ఆ రైతు ముఖంలో గుంజుడు ఆనవాలే లేదు. ‘ఎక్కడ గుంజుతుంది పెద్దాయనా?’ అంటే, ‘ఎక్కడా గుంజుత లేదు సారూ, కట్టేసినట్టుంది’ అన్నాడు. అక్కడ ఆపించాం.

ఆ రోజు నుంచి మూడు పరీక్షలు అందరికీ తప్పనిసరి చేశాం. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఎముకల జబ్బు) గుర్తించడానికి ఆరోగ్య సిబ్బంది ఊళ్ళలో చేయించేవే ఇవి. మోకాళ్ళు మడవకుండా వంగి నేల మీది రూపాయి బిళ్ళ తియ్యడం. గడ్డం ఛాతీకి ఆనించడం. చేతులు పక్కలకు చాపి, మడిచి, తల వెనక పెట్టడం. మనిషికి రెండు నిమిషాలు చాలు. ఇది రోగ నిర్ధారణ కాదని శిక్షకులకు గట్టిగా చెప్పాలి. బిళ్ళ తియ్యలేకపోవడం తొడ వెనక బిగుతు వల్ల కూడా కావచ్చు. ఆ మనిషి తొడ వెనక చెయ్యి పెట్టి ‘ఇక్కడ గుంజుతుంది’ అంటాడు. కట్టేసినట్టుంది అన్నా, రెండు మూడు పరీక్షలు కలిసి తప్పినా, యిన్ ఆపి డాక్టరు దగ్గరికి పంపాలి. కాళ్ళు తడబడటం, మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే అదే రోజు పంపాలి.

పళ్ళ మీద మచ్చలు చూసి తేల్చేద్దామని కొందరు శిక్షకులు అన్నారు. అది సగం గుర్తే. పళ్ళు ఏర్పడే చిన్నతనంలో ఆ నీళ్ళు తాగితేనే మచ్చలు వస్తాయి. వేరే ఊరి నుంచి పెళ్ళై వచ్చిన కోడలికి పళ్ళు తెల్లగా ఉండి, ముప్పై ఏళ్ళ నీళ్ళు ఎముకల్లో ఉండొచ్చు.

అలాంటివారిని ఉత్తచేతులతో పంపెయ్యొద్దు. డాక్టరు సరే అన్నాక, వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి, తల కింద పలచని దిండుతో 5–8 నిమిషాలు పడుకోబెట్టొచ్చు. ఏ కీలునూ చివరిదాకా తీసుకెళ్ళకూడదు.

పొద్దుటి క్లాసు, నాట్లు, మగ్గం

మన దగ్గర యోగా అంటే పొద్దున ఐదున్నర. రాత్రంతా పడుకున్నాక వెన్ను డిస్కులు నీళ్ళు పీల్చి ఉబ్బి ఉంటాయి, ముందుకు వంగితే వాటి మీద, లిగమెంట్ల మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. లేచిన మొదటి గంటలో ఎక్కువసేపు ముందుకు వంగి ఉండే భంగిమలు పెట్టొద్దని చెప్పాం. యిన్ క్లాసు సాయంత్రానికి మార్చగలిగినవాళ్ళు మార్చారు. మార్చలేనివాళ్ళు కాటర్‌పిల్లర్, పాదాలు కలిపి ముందుకు వంగే బటర్‌ఫ్లై తీసేసి, బోర్లా పడుకునే స్ఫింక్స్, వెల్లకిలా పడుకుని చేసేవి ఉంచుకున్నారు.

సాయంత్రమైనా అందరికీ ఒకటే కాదు. సాగర్ ఎడమ కాలువ కింద నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు గంటల తరబడి నడుం వంచే ఉంటారు. వాళ్ళ అరచేతులు అవలీలగా నేలకు తగులుతాయి కాబట్టి శిక్షకుడికి ముచ్చటేసి ఇంకా వంచుతాడు. పగలంతా సాగిన లిగమెంట్ కోలుకోవడానికి సాగిన సమయం కంటే ఎక్కువ సమయం కావాలి. చండూరు, గట్టుప్పల్ వైపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే నేతగాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. వీళ్ళకు స్ఫింక్స్ పెట్టాలి: బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపి 2–3 నిమిషాలు, రెండుసార్లు. నడుం నొక్కుకుంటే మోచేతులు ముందుకు జరపాలి. ఆసు పోసి (మగ్గం కోసం చేత్తో దారం చుట్టి) భుజాలు అరిగినవాళ్ళకు మెల్టింగ్ హార్ట్ వద్దు. చెయ్యి తల పైకి పోయే ఆ భంగిమలో భుజం ముందు వైపు నలుగుతుంది.

యిన్ క్లాసు అయ్యాక గంటసేపు వడ్ల బస్తా, నీళ్ళ బిందె లాంటి బరువులు ఎత్తొద్దని శిష్యులకు చెప్పి పంపాలి. గర్భిణులకు లోతుగా వెళ్ళనివ్వొద్దు, రిలాక్సిన్ అనే హార్మోన్ వల్ల కీళ్ళు అప్పటికే వదులై ఉంటాయి. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి తల కిందికి వేలాడే భంగిమలు కూడదు. తుంటి మార్పిడి జరిగినవారికి సర్జన్ చెప్పిన హద్దే హద్దు.

సామాను, నేల, గడియారం

బోల్‌స్టర్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పన్నెండు మందిలో సగం మందికి భారం. పరుపులు కుట్టేవారి దగ్గర రెండడుగుల పొడవు, జానెడు మందం గుండ్రటి దిండు, రెండున్నర నుంచి మూడు కిలోల దూదితో గట్టిగా కూరించి కుట్టించాం. మొదట రెండు కిలోలతో కుట్టించినవి రెండు వారాల్లో నడుమ కుంగిపోయాయి. బ్లాకుల బదులు ఇటుకకు పాత చీర గుడ్డ చుట్టి కుట్టినవి. మడత పెట్టిన గొంగడి ఫోమ్ కంటే నయం, బరువు పడినా అణగదు.

షాబాద్ బండల మీద డిసెంబర్, జనవరిలో ఒక్క యోగా మ్యాట్ చాలదు. కదలకుండా ఉన్న ఒళ్ళు త్వరగా చల్లబడి బిగుస్తుంది. కింద జంపఖానా, పైన కప్పుకోవడానికి చెద్దరు ఉండాలి. మే నెలలో తిరకాసు ఇంకోలా ఉంటుంది: వేడికి ఒళ్ళు వదులై గుంజుడు ఆలస్యంగా తెలుస్తుంది, శిష్యులు తమ హద్దు దాటిపోతారు. ఎండాకాలం సమయం నిమిషం తగ్గించి, దిండు ఒకటి పెంచాలి.

క్లాసు ప్లాన్లలో అందరూ చేసిన తప్పు ఒకటే. 75 నిమిషాలకు పది, పన్నెండు భంగిమలు రాసుకొచ్చారు. శవాసనానికి సమయమే మిగల్లేదు. బోర్డు మీద లెక్క వేయించాం. మొదట పడుకుని స్థిమితపడటానికి 7 నిమిషాలు. బటర్‌ఫ్లై 4, తర్వాత విశ్రాంతి 1. స్ఫింక్స్ 3, విశ్రాంతి 1, రెండుసార్లు. స్లీపింగ్ స్వాన్ లేదా అంకె నాలుగు, ఒక్కో పక్క 4, విశ్రాంతి 1. కాటర్‌పిల్లర్ 4, విశ్రాంతి 1. పడుకుని ఒంటిని అరటికాయలా వంచే బనానా, పక్కకు 3, విశ్రాంతి 1. పడుకుని మెలి, పక్కకు 3. శవాసనం 8. కూడితే 57. ఒక భంగిమ నుంచి ఇంకోదానికి మారడానికి, దిండ్లు సర్దడానికి తలా నిమిషంన్నర చొప్పున 12 మార్పులకు 18. మొత్తం 75. ఆరు భంగిమలు, అంతకు మించి పట్టవు.

భంగిమ తర్వాతి ఆ ఒక్క నిమిషం విశ్రాంతిని మింగెయ్యకూడదు. నాలుగు నిమిషాల తర్వాత మోకాలు ఒక్కసారి చాపితే కొయ్యబారినట్టు పట్టుకుంటుంది. చేతులతో తొడ కింద పట్టుకుని మెల్లగా చాపించాలి. కుడి ఎడమలకు సమయం ఫోన్ టైమర్‌తోనే చూడాలి. గోడ గడియారం చూసి చెప్పినవాళ్ళు కుడికి 3, ఎడమకు 4 ఇచ్చిన సందర్భాలు చాలా చూశాం.

చివరి ఆదివారం

ఒక్కొక్కరూ కొత్త మనుషులు నలుగురికి 20 నిమిషాలు చెప్పాలి. ఆసనం అందాన్ని చూడలేదు. రెండు పక్కల సమయం మధ్య తేడా 10 సెకన్లలోపు ఉందా, మౌనం నిలిచిందా, చెయ్యి పెట్టి చూపించమని అడిగారా, గుంజుడు తప్పు చోట ఉంటే ప్రత్యామ్నాయం ఇచ్చారా, మూడు పరీక్షలు చేశారా అన్నవి చూశాం. పన్నెండు మందిలో ఎనిమిది మందిని సొంతంగా క్లాసు పెట్టుకోమన్నాం. నలుగురిని ఇంకో నాలుగు వారాలు తోడుగా ఉండి నేర్చుకోమన్నాం. ఆ నలుగురిలో ముగ్గురు ఆసనాలు అందరికంటే బాగా వేసేవాళ్ళు. తమ ఒంటికి ఎప్పుడూ అడ్డం తగలలేదు కాబట్టి, ఎదుటి ఒంట్లో అది కనిపెట్టడం వాళ్ళకు ఆలస్యమైంది.

తర్వాతి బ్యాచ్‌కు రెండు మార్పులు చేశాం. మాటల పట్టికను ఐదో వారం నుంచి మొదటి ఆదివారానికి తెచ్చాం. శిష్యులు చేరేటప్పుడు నింపే కాగితంలో బీపీ, షుగర్, ఆపరేషన్ల వరస కింద ఇంకో ప్రశ్న చేర్చాం: మీరు పుట్టిన ఊరు ఏది, ఇప్పుడుంటున్న ఊరు ఏది, ఒక్కోచోట ఎన్నేళ్ళు బోరు నీళ్ళు తాగారు?